కాంటా మేడమ్

మొన్న మా బోడుప్పల్ అపార్టుమెంటుకి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో టాబు. ఆరోగ్య సర్వే అట, పెద్దవాళ్ళు ఏం తింటున్నారో రాసుకుంటోంది. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారు ఆంటీ?" అని అడిగింది. నేను తడుముకోకుండా రాగిజావ, పాలకూర పప్పు, పెరుగు, ఒక జామపండు అని చెప్పేశాను. పాపం, నమ్మి రాసుకుంది. ఆ అమ్మాయి లిఫ్టు ఎక్కాక వంటింట్లోకి వెళితే, స్టవ్వు పక్కన మిక్చరు పొట్లం ఖాళీగా పడి ఉంది. ముందు రోజు రాత్రి నా భోజనం అదీ, ఒక గ్లాసు టీ.

నేను ఉద్యోగమంతా ఇలాంటి లెక్కలతోనే బతికినదాన్ని. ఇళ్ళల్లోవాళ్ళు నిజం చెప్పడం లేదని కింది వాళ్ళ మీద కేకలేసినదాన్ని. అలాంటిదాన్ని, మనవరాలి వయసు పిల్లకి లేని జామపండు తినిపించి పంపాను. సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటే మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడే గనక ఆ పిల్ల వెనకాల నిలబడి ఉంటే నన్ను ఒక్క చూపు చూసి, "జామపండా? ఈ నెల్లోనా? ఎక్కడ దొరికిందమ్మా, మాకూ చెప్పు," అనేవారు.

పేరు రాయను. పేర్లు రాయడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. మేం మేడమ్ అనేవాళ్ళం. నాచారం ఆడవాళ్ళు కాంటా మేడమ్ అనేవాళ్ళు, ఆవిడ ఏ వీధిలో అడుగు పెట్టినా వెనకే తూకం వేసే కాంటా వచ్చేది గనక.

డెబ్బైల మొదట్లో సంగతి. నేను డిగ్రీలో గణాంకశాస్త్రం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో మా క్లాసులోంచి కొందరిని ఏరి ఉప్పల్ రోడ్డు మీద ఒక అద్దె ఇంట్లో ఉన్న సర్వే ఆఫీసుకి శిక్షణకి పంపారు. పొద్దున పూట ఇళ్ళకి వెళ్ళి పిల్లల బరువులు తూచాలి, ఆ ఇంట్లో వండబోయే బియ్యం, పప్పు, కూర తూచాలి. మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని వాటికి పట్టికలు కట్టాలి. మమ్మల్ని మనుషుల్ని చేసే పని మేడమ్‌ది.

ఆవిడది కృష్ణా జిల్లా వైపు. గంజి పెట్టిన నేత చీర, కొప్పులో గుచ్చిన పెన్సిలు, చంకలో నల్ల గొడుగు. పెళ్ళయిందో లేదో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. మాటలో వెటకారం పాళ్ళు ఎక్కువ. మొదటి వారం మా బరువుల పట్టిక చూసి సుభద్ర అనే అమ్మాయిని లేపి నిలబెట్టారు. "ఏమమ్మా, నువ్వు తూచిన పిల్లలందరూ సరిగ్గా కిలోల్లోనో అరకిలోల్లోనో తూగారే! ఉప్పల్లో దేవుడు అరకిలో రాళ్ళు పెట్టుకుని పుట్టిస్తున్నాడా పిల్లల్ని?" మేం నవ్వాం. తర్వాత మా పట్టికలూ తిరగేస్తే మా పిల్లలూ అరకిలోల సంతానమే. ముల్లు రెండు గీతల మధ్య ఆగితే, దగ్గర్లో ఉన్న పెద్ద గీత మీదికి మా కళ్ళే దాన్ని జరిపేవి. అప్పటిదాకా అది అబద్ధమని మాకు తెలియదు.

రబ్బరు వాడనిచ్చేవారు కాదు. ఎవరి దగ్గర రబ్బరు కనిపించినా లాక్కుని బల్ల మీది గాజు సీసాలో వేసేవారు. తప్పు రాస్తే తుడవకూడదు, ఒక గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి. "నీ తప్పు నాకు కనపడాలి. తప్పు కనపడితేనే నువ్వు ఎక్కడ తొందరపడ్డావో తెలుస్తుంది," అనేవారు. కాగితానికి ఎడమవైపు చూసింది రాయాలి, కుడివైపు అనుకున్నది రాయాలి. ఆ రెండూ కలిపేసినవాడికి ఆ పూట టీ ఉండేది కాదు. ఆ టీ ఆవిడే తాగేసేవారు, మా ఎదురుగా, నింపాదిగా.

ఇంకో పట్టుదల మంచినీళ్ళు. ఏ ఇంటికి వెళ్ళినా ప్రశ్నలు అడిగే ముందు మంచినీళ్ళు అడిగి తాగాలి. ఏ ఇంటికైనా సరే. మాలో కొందరు గ్లాసు పెదాలకి ఆనించినట్టు చేసి కింద పెట్టేవాళ్ళు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఒకసారి ఒక అబ్బాయి అలాగే నిండు గ్లాసు దించితే మేడమ్ అది తీసుకుని గటగటా తాగి, ఆ ఇంటి గడపలోనే, "నువ్వు బయట గొడుగు పట్టుకుని నిలబడు నాయనా. నీళ్ళు పుచ్చుకోలేనివాడు లెక్క మాత్రం ఎలా పుచ్చుకుంటాడు?" అన్నారు. ఆ అబ్బాయి ఆ పూటంతా ఎండలో నిలబడ్డాడు. నాకు మనసులో ఎంత చల్లగా అనిపించిందో చెప్పలేను. ఎందుకంటే వాళ్ళు తాగని నీళ్ళు మా ఇంటివి కూడా.

మాది నాచారంలో మిల్లు వెనక వీధి. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. నాన్న మిల్లులో బేళ్ళు మోసేవాడు. ఆఫీసులో నేను నాచారం అని మాత్రం చెప్పాను. నాచారంలో ఎక్కడ అని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మాట కూడా మార్చుకున్నాను. ఇంట్లో "వొచ్చిన్రా, తిన్నవా" అనే నోరు ఆఫీసు మెట్లెక్కగానే "వచ్చారా, తిన్నావా" అనేది. రోజూ సాయంత్రం వీధి మలుపులో మళ్ళీ పాత నోరు తగిలించుకుని ఇంటికి పోయేదాన్ని. అలా చేస్తున్నందుకు సిగ్గుగా ఉండేది, మానాలంటే ఇంకా సిగ్గుగా ఉండేది.

ఏ వీధులు తూచాలో చీట్లు తీసి తేల్చేవారు. మా వీధి పడింది. నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి, "అక్కడ నాకు తెలిసినవాళ్ళున్నారు మేడమ్," అన్నాను. తెలిసినవాళ్ళ ఇళ్ళు తూచకూడదన్నది ఆవిడ నియమమే గనక నన్ను ఉప్పల్ వైపు వేసి మా వీధి సుభద్రకి ఇచ్చారు. ఆ లెక్కల మీద ఒక పెద్ద సంగతి ఆధారపడి ఉంది. తిండి బాగా తక్కువైన వీధి ఏదో తేలితే అక్కడ చిన్నపిల్లలకీ తల్లులకీ రోజూ పాలూ రొట్టే ఇచ్చే కేంద్రం పెడతారు. ఆ మాట ఇళ్ళల్లో చెప్పవద్దని మాకు గట్టి ఆజ్ఞ. చెబితే ఉన్నవాళ్ళు కూడా లేనట్టు చూపిస్తారని. నేనూ ఇంట్లో చెప్పలేదు.

మా వీధి తూచిన రోజు సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి మా వాకిట్లో ఆడవాళ్ళంతా చేరి పడీ పడీ నవ్వుతున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "మనింట్ల పాస్టరయ్య బియ్యం ఉన్నయ్ గద బిడ్డా. గవ్వే సూపిచ్చినం." మా వీధి ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని సన్నబియ్యం కొని మా ఇంట్లో డబ్బాలో దాచేవాళ్ళు. ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉండి పాస్టరుగారు భోజనానికి కూర్చుంటే ఆ రోజు అందులోంచి తీసేవాళ్ళు. మామూలు రోజుల్లో ఎవరూ ముట్టరు. సుభద్ర మొదట మా ఇంట్లో ఆ బియ్యం తూచి, రాసుకుని, పక్కింటి ముందు తలుపు దగ్గరికి వెళ్ళేలోపు, అమ్మ చాటలో అవే బియ్యం పట్టుకుని వెనక తలుపు గుండా పక్కింటికి చేర్చింది. పక్కింటావిడ ఆ పైయింటికి. అలా వీధి చివరిదాకా ఆ బియ్యం సుభద్ర కంటే ఒక ఇల్లు ముందు నడిచాయి. వాటి వెంట ఒక గిన్నెడు కందిపప్పు కూడా.

"గా పిల్లకు ఏం దెల్వలే పాపం. మంచిగ తింటున్రమ్మా అన్నది," అని పక్కింటావిడ నవ్వింది. మధ్యాహ్నం అందరూ ఎవరి జొన్న గట్క వాళ్ళు వండుకున్నారు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు పోగొట్టుకున్నది పాల కేంద్రమని నాకు తెలుసు, చెప్పకూడదు.

మా వీధి పట్టికలు కట్టే రోజు రానే వచ్చింది. మేడమ్ సుభద్ర కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయారు. గదిలో లెక్కల మిషను తిప్పుతున్న చప్పుడు కూడా ఆగింది.

"ఇది మిల్లు కూలీల వీధేనా?"

"అవును మేడమ్," అంది సుభద్ర.

"వీధి వీధంతా సన్నబియ్యం తింటోంది. అదీ ప్రతి ఇంట్లో దాదాపు ఒకే తూకం. ఇద్దరే ఉన్న ఇంట్లోనూ అంతే, ఎనిమిది మంది ఉన్న ఇంట్లోనూ అంతే. ఎండగా ఉందని ఏ చెట్టు కిందో కూర్చుని రాశావు కదూ?"

సుభద్ర తన కాగితాల వంకే చూస్తూ నిలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. చెట్టు కింద కూర్చునే పిల్ల కాదు అది. అందరికంటే ముందు వెళ్ళి అందరికంటే ఆఖర్న వచ్చేది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారు మేడమ్, కాగితాలు పక్కకి నెట్టి.

నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకే తెలియదు. "సుభద్ర నిజమే రాసింది మేడమ్. బియ్యమే ఇంటింటికి తిరిగినయ్."

తిరిగినయ్ అన్నాను. ఇన్నాళ్ళు దాచుకున్న నోరు అందరి ముందూ బయటపడింది. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"బియ్యం తిరగడమేమిటి?" అన్నారు మేడమ్.

చెప్పాను. చాట, వెనక తలుపు, పాస్టరుగారి డబ్బా, అన్నీ. "నీకెలా తెలుసు?" అని ఆవిడ అడిగితే, "ఆ చాట పట్టుకుపోయింది మా అమ్మ మేడమ్. ఆ వీధి మాదే," అన్నాను. చెవులు కాలిపోయాయి. నా కోసం కాదు, నిజంగా. గట్క తినే సంగతి పైవాళ్ళకి తెలియకూడదని అమ్మ అంత ఆరాటపడి దాచుకుంటే, నేను ఆ కుండ మూత తీసి పదిమంది మధ్య పెట్టాను. సుభద్ర పని నిలబడిందన్న సంతోషం ఆ క్షణాన ఒక్క పిసరు కూడా నాకు కలగలేదు.

మేడమ్ ఆ కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. కొప్పులో పెన్సిలు తీసి ఒక్కో ఇల్లు దిగుతూ వెళ్ళారు. "తగ్గుతూ వచ్చాయి," అన్నారు నెమ్మదిగా. "ప్రతి ఇంటికీ కాసిని తగ్గుతూ వచ్చాయి. చాటలోంచి ఒలికాయి. కూర్చుని కల్పించేవాళ్ళు ఇలా ఒలకబోయరు. ఇది నా కళ్ళ ముందే ఉంది. నేను చూడలేదు."

ఆవిడ లేచి సుభద్ర ముందుకు వెళ్ళారు. మమ్మల్ని ఎంత ఎత్తున తిట్టేవారో అంత ఎత్తునే, గదంతా వినపడేలా, "తప్పు నాది. నన్ను క్షమించమ్మా," అన్నారు. తర్వాత ఆ కాగితం మీద కుడివైపు తన చేత్తో, 'ఈ అమ్మాయి కల్పించి రాసిందని అనుకున్నాను. తప్పు.' అని రాసి కింద సంతకం పెట్టారు. పెద్దవాళ్ళు అలా చేయడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా చూడలేదు. నేను పెద్దదాన్నయ్యాక కూడా చేయలేదు.

ఆ సాయంత్రమే గొడుగు తీసుకుని నాతో మా ఇంటికి బయల్దేరారు.  అమ్మ వాకిట్లో నూకలు ఏరుతోంది. "వందనాలమ్మా," అని లేచి, నా ముఖం చూసింది. అంతే, తెలిసిపోయింది.

"చెప్పినవా బిడ్డా?"

నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఏరిన నూకలు చాటలో ఒక పక్కకి తోసి ఊరుకుంది. తిడితే బాగుండేది.

మేడమ్ మంచినీళ్ళు అడిగి తాగారు. "మీరు చేసింది తప్పని చెప్పడానికి రాలేదమ్మా. తూచిన లెక్క మాకు పనికిరాలేదు, మళ్ళీ తూచనివ్వమని అడగడానికి వచ్చాను," అన్నారు. నియమం పక్కన పెట్టి పాల కేంద్రం సంగతి కూడా చెప్పేశారు.

అమ్మ అంతా విని, "గా ముచ్చట ముందుగాల జెప్తే అయిపోవుగద," అంది. నూకల చాట పక్కన పెట్టి, "అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. రేపు మేమంత నీ ఇంట్లకు కాంటా పట్టుకొని వొస్తె, కుండ మూత దీసి సూస్తె, నువ్వేం జేస్తవ్?" అంది.

నాకు ప్రాణం పోయినంత పనైంది. మేడమ్‌ని అలా నిలదీసినవాళ్ళని నేను ఎరగను. ఆవిడ మాత్రం గొడుగు మూసి గోడకి ఆనించి, "రండి. రేపు పొద్దున్నే రండి. మీరే తూచండి," అన్నారు.

మర్నాడు అమ్మా నేనూ ఉప్పల్లో ఆవిడ ఉండే రెండు గదుల ఇంటికి వెళ్ళాం. అమ్మ ఆదివారం ప్రార్థనకి కట్టే చీర కట్టుకుంది. ఆఫీసు కాంటా నాతో మోయించింది. మేడమ్ వంటింట్లో అన్నీ వరసగా పెట్టారు. బియ్యం, పెసరపప్పు, వంకాయలు, పాలు, చిన్న సీసాలో నెయ్యి. తూచబోతుంటే అమ్మ ఒక వంకాయ చేతిలోకి తీసుకుని తొడిమ తిప్పి చూసింది. తర్వాత పొయ్యి చూసింది. తర్వాత మేడమ్ ముఖం చూసింది.

"అమ్మా, గీ కూర ఇయ్యాల పొద్దున దెచ్చినవా?"

 మేడమ్ ముఖం కందిపోయింది. ఆవిడకి మాట తడబడడం నేను మొదటిసారి చూశాను. "మీరు వస్తున్నారని… మార్కెట్టుకి వెళ్ళాను. ఏమీ లేకపోతే బాగుండదని."

"నిన్న రాత్రి ఏం దిన్నవ్?"

"అటుకులు. మజ్జిగ పోసుకుని."

"మొన్న?"

"అదే," అన్నారు మేడమ్. "ఒక్కదాన్నే కదమ్మా, పొయ్యి వెలిగించబుద్ధి కాదు." అని, అక్కడే పీట మీద కూర్చుండిపోయారు. "నెయ్యి కూడా ఇవాళే కొన్నాను. కొనేటప్పుడు నాకు తోచనైనా తోచలేదు, నేనూ అదే పని చేస్తున్నానని. సిగ్గుగా ఉందమ్మా."

అమ్మ ముందు కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేక గట్టిగా నవ్వేసింది. మేడమ్ కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఫికర్ జెయ్యకమ్మా. ఎవలన్న వొస్తున్నరంటె మనిషన్నోళ్ళు గిట్లనే జేస్తరు," అంది అమ్మ. పీట పక్కన తనూ కూర్చుని ఆ వంకాయలు తరగడం మొదలుపెట్టింది. తూకం మాట ఇద్దరూ మరిచిపోయారు. వంకాయ కూర అమ్మే వండింది, మేడమ్‌తో తినిపించింది.

వచ్చేటప్పుడు గడప దగ్గర ఆగి అంది. "రేపు రా అమ్మా మా ఇంటికి. పాస్టరయ్య బియ్యం ముట్ట. మా వోళ్ళందరికి గూడ జెప్త. కని నా బిడ్డను తేకు. దాన్ని ఇంకెటన్న తోలు రేపు."

"ఆ ఇంట్లో తినే మనిషి కదా. ఆ అమ్మాయి పళ్ళెం తూచకపోతే ఎలాగమ్మా?" అన్నారు మేడమ్. అమ్మ గడప దిగి నడక మొదలుపెట్టింది. నా మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను. వీధి పరువు తీసిన కూతురు కళ్ళ ముందు ఉండకూడదనుకుంటోందని నా మనసుకి తోచింది. ఇంటికి వచ్చేదాకా ఆమె వెనకే, కాంటా మోస్తూ నడిచాను.

పాల కేంద్రం తర్వాత మా వీధి చివరే వచ్చింది. మేడమ్ ఏడాదిలోపే బదిలీ మీద వెళ్ళిపోయారు. మొదట్లో ఒక ఉత్తరం రాశారు, నేను జవాబు రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ అలాగే వదిలేశాను. ఇప్పుడు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. ఆవిడ నాకు నేర్పిన లెక్కలన్నీ కాలేజీలోనూ దొరికేవి. ఆవిడ మా ఇంట్లో తూచిన ఆ మర్నాటి పొద్దున మాత్రం ఇంకెక్కడా దొరికేది కాదు.

ఈసారి పద్ధతి మార్చారు మేడమ్. వండే ముందు తూచి వెళ్ళిపోవడం కాదు, వండాక ఎవరి పళ్ళెం వాళ్ళకి పెట్టించి, పళ్ళెం పళ్ళెం తూచాలి, తినేదాకా కూర్చోవాలి. అంతకు ముందు మేం చేసింది ఇంటి మొత్తం బియ్యాన్ని తలలతో భాగించడం. అలా భాగిస్తే ప్రతి ఇంట్లో అందరూ సమానంగా తిన్నట్టే కాగితం మీద కనిపించేది. ఉప్పల్లో ఎన్నో ఇళ్ళకి నేనే అలా భాగించాను.

సుభద్రని వెంటబెట్టుకుని వచ్చారు. నేను అలవాటుగా కాగితం అందుకోబోతే, "నీ పెన్సిలు ఇలా ఇవ్వు. ఇవాళ నువ్వు రాసే మనిషివి కాదు, తినే మనిషివి. కూర్చో," అన్నారు. చెల్లెలి పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. అమ్మ కుండ తెచ్చి మధ్యలో పెట్టింది. జొన్న గట్క, పచ్చిపులుసు. ముందు మిల్లుకి పోయే నాన్న టిఫిను నింపింది. తూచారు. చెల్లెలికి, తమ్ముడికి పెట్టింది. తూచారు. నా సత్తు పళ్ళెంలో గరిటె మీద గరిటె, రోజూ పెట్టినంత, అంచు దాకా పెట్టింది.

"కాలేజి పిల్ల గదమ్మా, తలకాయ పని," అంది, ఎవరూ అడగకపోయినా.

"మీదమ్మా?" అన్నారు మేడమ్.

"నేను తర్వాత తింట. ఇల్లు సదురుకొని."

"అప్పుడే తూస్తాను. నాకేం తొందర లేదు," అని మేడమ్ నేల మీద సర్దుకుని కూర్చున్నారు.

అమ్మ అటూ ఇటూ చూసింది. నన్ను చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. ఇక తప్పదని కుండ వంచి, అడుగున అంటుకున్నది గరిటెతో గీకింది. అది గ్లాసులో వేసి, నీళ్ళు పోసి, ఉప్పు వేసి కలిపింది. "గిదే అమ్మా నాది. నాకు గింతే అలవాటు," అంది. మేడమ్ ఆ గ్లాసు కాంటా మీద పెట్టారు. తూకం చెప్పారు. సుభద్ర పెన్సిలు కదల్లేదు. "రాయి," అన్నారు మేడమ్, గొంతు బాగా తగ్గించి.

అమ్మకి అందరూ తిన్నాక తినడం ఇష్టమని నేను పుట్టినప్పట్నుంచీ అనుకుంటున్నాను. ఆ కుండ పక్కనే కూర్చుని అన్నేళ్ళు తిన్నాను, ఒక్క రోజు కూడా లోపలికి తొంగి చూడలేదు. వీధిలో ఆ బియ్యం పరుగెత్తింది వచ్చిన ఆఫీసువాళ్ళ కోసమే అనుకున్నాను. పక్కిళ్ళవాళ్ళ సంగతి ఏమో గానీ, మా అమ్మ భయం మేడమ్ కాదు. ఆ కాగితాలు మధ్యాహ్నం కూర్చుని లెక్క కట్టే మనుషుల్లో నేను ఉన్నాను. మా ఇంటి గట్కని తలలతో భాగిస్తే నా పళ్ళెంలో ఉన్నంత రాదని నాకు తెలిసిపోయేది. నా చదువు ఎవరి పళ్ళెంలోంచి వస్తోందో నాకు తెలియకూడదని ఆమె ఆరాటం. నాకంటే సిగ్గుపడాల్సిన మనిషి ఆ గదిలో ఇంకెవరూ లేరు.

నా పళ్ళెం ఆమె ముందుకి తోశాను. మేడమ్ చప్పున నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దు. తూచేశాం. ఇవాళ మారిస్తే మీ అమ్మ లెక్క తప్పుతుంది. ఈ వీధి తల్లులకి పాలు వచ్చేది ఆ గ్లాసు లెక్క మీదే." చెయ్యి వదల్లేదు.  "రేపట్నుంచి నీ ఇష్టం. ఇవాళ మాత్రం తిను."

"తిను బిడ్డా, సల్లారిపోతది," అంది అమ్మ.

తిన్నాను. ముద్ద ముద్దకీ పచ్చిపులుసు పోసుకుని మింగాను. పళ్ళెం అంచు దాకా పెట్టింది అంతా తిన్నాను, కొంచెం కూడా మిగల్చలేదు. అమ్మ గ్లాసు చేతిలో పట్టుకుని, నేను ముగించేదాకా తాను తాగకుండా, నన్నే చూస్తూ కూర్చుంది.